పిలవకపోయినా వెళ్ళే బండి

ముప్పైరెండేళ్ళు బస్సుల డిపోలో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. మొదటి సగం కండక్టరుగా, తర్వాతి సగం కంట్రోలరుగా. కంట్రోలరంటే ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులు వెయ్యాలి అన్నది చూసే మనిషి. బయటివాళ్ళ దృష్టిలో మాత్రం బస్టాండులో కుర్చీ వేసుకుని కూర్చుని "రాజోలు బస్సు ఎప్పుడండీ?" అని అడిగినవాళ్ళ మీద విసుక్కునే మనిషి. రెండూ నిజమే.

మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. అమ్మ కూలికి వెళ్ళేది. చర్చి బడిలో చదువుకుని, ఇంటరు పాసై, ఖాకీ కోటు తొడుక్కున్న మొదటి ఆడపిల్లని మా పేటలో నేనే. మొదటి రోజు డ్యూటీకి వెళ్తుంటే అమ్మ వీధి చివరిదాకా వచ్చి, "అందర్నీ కూర్చోబెట్టి తీసుకెళ్ళు కరుణా" అంది. పండగల రోజుల్లో అమలాపురం బస్సెక్కిన మనిషెవరూ అలాంటి కోరిక కోరరు. మా అమ్మ అప్పటికి బస్సెక్కింది తక్కువ.

ఇప్పుడు చదువుకున్న పిల్లలు లాప్‌టాపులు పట్టుకుని మా డిపోలకి వస్తున్నారు. ఫోను చేస్తే వచ్చే బండిని, వేళకి నడిచే బస్సుతో ఎలా కలపాలా అని పటాలు గీస్తున్నారు. మంచిపని. వాళ్ళలో ఒకమ్మాయి, కాలవగట్టున లాకుల సెంటరనే కూడలిలో మేము చేసిందేమిటో రాసిపెట్టమని అడిగింది. ప్రమోషన్లూ ఫైళ్ళూ వదిలేసి, ఆ ఒక్క సంగతే రాస్తున్నాను. అందులో నేను చేసిన తప్పుతో సహా.

మీ బస్సేదీ?

నేను కంట్రోలరైన కొత్తలో మా డిపో అంతటికీ ఒకే ఒక్క శత్రువు, ఆటో. బస్సుకి అయిదు నిమిషాల ముందు స్టాపులోకి వచ్చి మనుషుల్ని ఎక్కించుకుని పోయేవారు. అప్పటి మా మేనేజరు గారు పనిమంతుడు, కోపిష్టి. రోజూ పొద్దున్నే మమ్మల్ని వరసగా నిలబెట్టి, "ఆటో ఎక్కిన ప్రతి మనిషీ మన బస్సు దిగిపోయిన మనిషే" అనేవారు. నేను ఆ మాట పూర్తిగా నమ్మాను.

ఒకరోజు తనిఖీ అధికారులతో కలిసి అల్లవరం రోడ్డు మీద ఆటోలు ఆపే పని నాకు అప్పగించారు. మొట్టమొదట ఆపిన ఆటోలో పధ్నాలుగు మంది ఉన్నారు. డ్రైవరు సన్నగా, మీసం మాత్రం బండి వెడల్పున ఉన్నవాడు. పేరు సత్తిబాబు, ఊరు మొగలిమెరక. సముద్రం పక్కనున్న ఊరు.

"మేడం గారూ, జరిమానా రాసుకోండి, కడతాను. ఎండలో జనాన్ని దింపేస్తే ఎలాగండీ?" అన్నాడు.

"రూలు రూలేనయ్యా" అన్నాను. అధికారులు బండి తీసుకుపోయారు.

పధ్నాలుగు మందీ రోడ్డు పక్కన నిలబడ్డారు. వాళ్ళలో గొడుగు పట్టుకున్న ఒక రిటైర్డు మాస్టారు మెల్లగా నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఆటో ఆపేరు. పధ్నాలుగు మందిని ఎక్కించడం తప్పే, ఒప్పుకుంటున్నాను. మరి మీ బస్సేదీ?"

వాచీ చూసుకున్నాను. బస్సు వెళ్ళిపోయి పావుగంటయింది. తర్వాతది రావడానికి గంటన్నర. ఆ టైములు వేసింది నేనే. అయినా ఆ క్షణం వరకూ ఆ గంటన్నరని రోడ్డు మీద నిలబడి చూడలేదు. మాస్టారు గొడుగు నా వైపు కొంచెం వంచారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆఖరికి కొబ్బరికాయల వ్యాను ఒకటి వస్తే, చెయ్యెత్తి ఆపి, బతిమాలి, అందర్నీ కాయల మీదకి ఎక్కించాను. చోటులేక నేనూ కాయల మీదే కూర్చున్నాను. ఆటోలో పధ్నాలుగు మంది ప్రమాదమని ఆపినదాన్ని, దొర్లే కాయల మీద పదిహేను మందిమి కూర్చుని అమలాపురం వచ్చాం. బస్టాండు ముందు దిగుతుంటే కిళ్ళీ కొట్టాయన "డిపోవాళ్ళు కొత్త సర్వీసు వేసేరా అండీ?" అన్నాడు. ఏడాదిపాటు డిపోలో నాకు ఆ పేరే మిగిలింది, కొబ్బరి సర్వీసు.

ఆటో ఎక్కిన మనిషి బస్సు దిగిపోయిన మనిషి కాదని నాకు అర్థమైంది ఆ రోజే. అతను కావాల్సిన వేళకి బస్సు రాని మనిషి. అర్థమైందని చెప్పుకోవడం తేలికే గానీ, ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను దానికి ఏమీ చెయ్యలేదు. ఆటోలు ఆపమంటే ఏదో ఒక డ్యూటీ చూపించి తప్పుకునేదాన్ని. అంతే.

వంతెన మీద బోర్డు

మొగలిమెరకకి వెళ్ళే దారిలో పంటకాలవ మీద పాత వంతెన ఒకటుంది. ఒక వర్షాకాలం దాని ఒక పక్క గోడ కుంగింది. బరువు బండ్లు వెళ్ళకూడదని బోర్డు పెట్టారు. ఆటో వెళ్ళొచ్చు, బస్సు వెళ్ళకూడదు. దాంతో మా బస్సు ఊరికి అయిదు కిలోమీటర్ల ఇవతల, లాకుల సెంటర్లోనే ఆగిపోవాల్సి వచ్చింది.

ఊరి జనం అయిదు కిలోమీటర్లు ఆటోలో వచ్చి అక్కడ దిగి బస్సు కోసం ఎదురుచూడటం ఎందుకని, ఆ ఆటోలోనే అమలాపురందాకా వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. వెనకాల వేలాడుతూ కొందరు, డ్రైవరు సీటుకి అటొకరు ఇటొకరు. మా బస్సేమో లాకుల సెంటర్నుంచి దాదాపు ఖాళీగా తిరిగి వచ్చేది. ఊళ్ళో కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలు నలుగురైదుగురు, వెనక వేలాడి వెళ్ళడానికి ఇంట్లో ఒప్పుకోక, మానేశారని విన్నాను.

అప్పటికి మా మేనేజరు మారారు. ఈయన నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు. గోడ మీద రంగు రంగుల పటాలు అంటించుకునేవారు. బాగా నడిచే రూటు ఆకుపచ్చ, నడవనిది ఎరుపు.

"కరుణ గారూ, మొగలిమెరక చూడండి. ఎర్రగా ఎలా ఉందో. ఎత్తేద్దాం" అన్నారు.

"ఒక్క నెల ఆగండి సార్."

"నెలలో వంతెన కట్టేస్తారా?"

"వంతెన కట్టరు. ఆటోలవాళ్ళతో మాట్లాడతాను. వాళ్ళు ఊళ్ళోంచి జనాన్ని లాకుల సెంటరుకి తెచ్చి మన బస్సుకి అందిస్తే సరిపోతుంది కదా సార్."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "మనం ఇన్నేళ్ళుగా పట్టుకుంటున్న ఆటోల వాళ్ళతోనా?"

"ఆయ్, వాళ్ళతోనేనండీ."

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, తెల్లచీర మార్చుకోకుండానే మొగలిమెరక వెళ్ళాను. ఆటోస్టాండు అంటే ఒక తాటాకుల పాక, దాని ముందు పదకొండు బండ్లు. స్టాండు పెద్దెవరని అడిగితే పాకలోంచి ఒక మీసం ముందొచ్చింది, వెనకాల సత్తిబాబు వచ్చాడు. మీసం నెరిసింది తప్ప మనిషి మారలేదు.

"రండి మేడం గారూ. ఇయ్యాల ఎవరి బండి పట్టిస్తారండీ?"

"అప్పుడు మీ బండి పట్టించడం పొరపాటేనండీ సత్తిబాబు గారూ. ఆ మాట చెప్పడానికే ముందు వచ్చేను" అన్నాను.

గారు అన్న మాటకి పాకలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతను నవ్వలేదు. ఒక కుర్చీ తెచ్చి వేసి, కొబ్బరిబొండం కొట్టించాడు. తాగేదాకా మాట్లాడనివ్వలేదు.

నేను చెప్పింది అంతా విన్నాడు. ఒకరోజుకి అమలాపురానికి మూడుసార్లు వెళ్ళే బదులు లాకుల సెంటరుకి పదిసార్లు వెళ్ళొచ్చు. బండి అరగదు. పోలీసులతో తగువుండదు. వెనకాల ఎవరూ వేలాడక్కర్లేదు.

"బాగానే ఉందండీ. మరొక్క మాట" అన్నాడు. "కాలవగట్టు మీద గేదెలు అడ్డొచ్చి రెండు నిమిషాలు ఆలస్యమైందనుకోండి. మీ బస్సు మాకోసం ఆగుద్దా అండీ?"

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇదే. మీ పటాల్లో బండికీ బస్సుకీ మధ్య ఒక గీత ఉంటుంది. ఆ గీత అంటే సత్తిబాబు అడిగిన ప్రశ్న. మాకోసం ఆగుతారా? దానికి అవునని చెప్పగలిగితేనే మిగతా మాటలు.

"ఆగుతుందండీ" అన్నాను.

ఎలా ఆగుతుందో నాకు తెలియదు. ఎందుకంటే ఆ బస్సు డ్రైవరు సుబ్బరాజు గారు.

సుబ్బరాజు గారి గడియారం

సుబ్బరాజు గారు సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా ఆలస్యంగా బయల్దేరలేదు. ఒకసారి ఆయన సొంత బావమరిది సంచులు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నా, అద్దంలో చూసి గేరు మార్చేశారట. ఆ బావమరిది రెండేళ్ళు మాట్లాడలేదు. ఆ సంగతి ఆయనే గొప్పగా చెప్పుకునేవారు.

"ఆటోల కోసం ఆగాలాండీ!" అన్నారు నేను అడగ్గానే. "బస్సెక్కిన నలభై మందీ ఏం పాపం చేసేరండీ?"

"నలభై మంది లేరు కదండీ రాజుగారూ. ఎనిమిది మంది ఉంటున్నారు."

"ఆ ఎనిమిది మందీ ఏం పాపం చేసేరండీ?"

ఆయన అన్నదాంట్లో న్యాయముంది. అందుకని ఒక ఏర్పాటు చేశాం. ఊళ్ళోవాళ్ళు బస్సు అందుకోవాలంటే సత్తిబాబు ఫోనుకి ముందురోజు సాయంత్రంగానీ, పొద్దున ఒక గంట ముందుగానీ చెప్పాలి. ఎంతమందైతే అన్ని ఆటోలు ఇళ్ళ దగ్గరికే వెళ్తాయి. ఎంతమంది వస్తున్నారో సత్తిబాబు నాకు చెప్తాడు, నేను బస్సుకి చెప్తాను. ఆ మనుషులు వచ్చేదాకా బస్సు ఆగుతుంది, కానీ ఆరు నిమిషాలకి మించి ఆగదు. ఆ ఆరు నిమిషాలూ తర్వాతి స్టాపుల టైముల్లో ముందే కలిపేశాను. యాప్ లేదు, ఏమీ లేదు. ఒక ఫోను, ఒక నోటుపుస్తకం.

మొదటి రోజు పొద్దున్న నేను లాకుల సెంటర్లోనే నిలబడ్డాను. సత్తిబాబు ఫోన్లో "పందొమ్మిది మందండీ, మూడు బండ్లండీ" అన్నాడు. బస్సు వచ్చింది. ఆటోలు రాలేదు. రెండు నిమిషాలు, మూడు, అయిదు. బస్సులో కోర్టు పనిమీద వెళ్తున్న ఒకాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎవరి పెళ్ళికమ్మా ఈ ఆగడం?" అని కేకేశాడు. ఆరు నిమిషాలయ్యాయి. సుబ్బరాజు గారు ఇంజను స్టార్టు చేశారు.

నేను ఫోను చేశాను. సత్తిబాబు రొప్పుతూ చెప్పాడు. "వంతెన మీద గడ్డి ట్రాక్టరు ఇరుక్కుందండీ. జనాన్ని దింపి నెడుతున్నామండీ. వచ్చేస్తన్నామండీ!"

సుబ్బరాజు గారి దగ్గరికి వెళ్ళి, "పందొమ్మిది మందీ ట్రాక్టరు నెడుతున్నారండీ, మన బస్సు కోసం" అన్నాను.

"ఆడాళ్ళు కూడానా?"

"ఆడాళ్ళు కూడా."

ఆయన స్టీరింగు మీదనుంచి చేతులు తీశారు. తర్వాత ఇంజను ఆపేసి, కిందకి దిగి, టీ కొట్టు వైపు వెళ్ళారు. ఆయన టీ తాగరని డిపోలో అందరికీ తెలుసు. కోర్టాయన కేకలేస్తుంటే, కొట్టు దగ్గర ఖాళీ చేతులతో నిలబడి కాలవ వైపు చూస్తున్నారు.

ఇంకో నాలుగు నిమిషాలకి మూడు ఆటోలూ హారన్లు కొట్టుకుంటూ వరసగా వచ్చాయి. అందరి బట్టలకీ గడ్డి. మానేసిన కాలేజీ పిల్లల్లో ముగ్గురు అందులో ఉన్నారు. బస్సులోవాళ్ళు వాళ్ళని చూసి నవ్వడం మొదలుపెట్టారు. కోర్టాయన కూడా నవ్వి పక్కకి జరిగి చోటిచ్చాడు. సుబ్బరాజు గారు అందరూ ఎక్కాక వాచీ చూసుకుని, నాతో, "ఈ పది నిమిషాలూ మీ పేరు మీద రాసుకోండి" అన్నారు. అమలాపురం చేరేసరికి వాటిల్లో ఏడు దారిలోనే సర్దేశారు.

నా తప్పు

రెండు నెలలు తిరిగేసరికి మేనేజరు గారి పటంలో మొగలిమెరక ఆకుపచ్చగా మారింది. ఇతర డిపోలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. నాకు కొంచెం గర్వం వచ్చింది. కొంచెమేమిటి, బాగానే వచ్చింది.

ఆ గర్వంలో ఒక పని చేశాను. సత్తిబాబు నోటుపుస్తకం తెప్పించుకుని, ఏ ట్రిప్పుకి ఎంతమంది ఫోను చేస్తున్నారో చూశాను. పొద్దున్న అయిదున్నర ట్రిప్పుకి ఎవరూ ఫోను చెయ్యడం లేదు. రెండు నెలల్లో ఒక్క పేరు కూడా లేదు. ఆ బస్సులో లాకుల సెంటర్లో ఎక్కేవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు గానీ, వాళ్ళు ఆ సెంటరు వాళ్ళే అనుకున్నాను. ఆ రోడ్డు మీద ఆరుంబావుకి ఇంకో బస్సుంది కదా, అందులో వెళ్తారనుకున్నాను. అయిదున్నర ట్రిప్పు తీసేసి, కాలేజీ వేళకి ఇంకొకటి వేశాను. కాలేజీ పిల్లలు నాకు థాంక్యూ అని రాసి ఒక కార్డు ఇచ్చారు. దాన్ని బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాను.

మూడు వారాల తర్వాత, అమలాపురం చేపల బజారులో నేను ఎప్పుడూ కొనే పోలమ్మ కనపడలేదు. ఆమె మొగలిమెరక పల్లెపాలెం, అంటే అక్కడి జాలర్ల పేట మనిషి. అరవై దాటిన వయసు. సముద్రం చేప తెచ్చేది. మర్నాడూ లేదు. వారం తర్వాత కనపడింది, బజారు లోపల తన చోటులో కాదు, బయట రోడ్డు మీద. బుట్టలో మిగిలినవి నాలుగు చేపలు, ఎండకి మెత్తబడినవి.

"ఏమైపోయేరు పోలమ్మ గారూ? చోటు మారిందేంటి?"

"ఆలీసంగా వచ్చినోళ్ళకి లోపల చోటెవరిత్తారు తల్లీ? మా బస్సు తీసేసేరు కదా."

"ఏ బస్సు?"

"తెల్లారగట్ల బస్సు. అయిదున్నర్ది."

"మీరు లాకుల సెంటర్లో ఎక్కేవారా? ఊరినుంచి ఎలా వచ్చేవారు?"

"నడిచి. బుట్ట నెత్తిన పెట్టుకుని గట్టంట నడిచొచ్చేవోళ్ళం, పదిమందిమి."

"ఆటోకి ఫోను చెయ్యొచ్చు కదండీ."

ఆమె నా మొహంలోకి చూసి నవ్వింది. కోపం లేదు, అదే నాకు ఇంకా బాధ. "మాకు ఫోన్లెక్కడియ్యమ్మా? ఉన్నా తడి బుట్టని బండెక్కించుకునేదెవరు? వాసనంటారు. ఆ ఆరుంబావు బస్సోడూ అంతే, బుట్ట చూసి బెల్లు కొట్టేత్తాడు. ఏం కరుణమ్మా, ఫోను చేసినోళ్ళేనా మనుసులు?"

నేను ఆ నాలుగు చేపలూ కొనుక్కుని డిపోకి వచ్చాను. ఇంటికి వెళ్ళకుండా డిపోకి ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. నోటుపుస్తకంలో పేరు లేకపోతే మనిషి లేనట్టే లెక్కవేశాను. రోడ్డు మీద నిలబడి ఒకసారి నేర్చుకున్న పాఠం, బల్ల ముందు కూర్చోగానే మర్చిపోయాను. తెల్లవారుజామున ఒక్కరోజు లాకుల సెంటర్లో నిలబడి ఉంటే, పదిమంది ఆడవాళ్ళు బుట్టలతో గట్టు దిగి రావడం కళ్ళారా చూసేదాన్ని.

మేనేజరు గారి గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. ముందు ఆయన ముక్కు మూసుకున్నారు. చేపల సంచీ నా చేతిలోనే ఉంది.

"తీసేసిన ట్రిప్పు మళ్ళీ వెయ్యాలంటే పైవాళ్ళకి కారణం రాయాలి కదండీ" అన్నారు.

"నా తప్పని రాయండి సార్. నేను సంతకం పెడతాను."

"రిటైర్మెంటుకి ముందు ఎందుకండీ ఇవన్నీ?"

"రిటైరయ్యాక చేపలు కొనుక్కోవాలి కదా సార్ నేను."

ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత కాగితం తీసుకుని, "పరిశీలనలో లోపం జరిగింది" అని రాసి, తన సంతకం కూడా నా సంతకం పక్కనే పెట్టారు. పైఅధికారుల్లో అలాంటివాళ్ళు కొందరే దొరుకుతారు. దొరికినప్పుడు వాళ్ళకి నిజం చెప్పడానికి భయపడకండి.

వెనకాల ఇనప చట్రం

అయిదున్నర ట్రిప్పు తిరిగి వచ్చింది. కానీ పోలమ్మ నడక అలాగే ఉంది. ఆటోలవాళ్ళు బుట్టలు ఎక్కించుకోం అన్నారు. సత్తిబాబు కూడా ఆ విషయంలో గట్టిగానే ఉన్నాడు.

"కాలేజీ పిల్లలు ఎక్కే బండండీ. నీచు వాసనొస్తే రేపట్నుంచి ఎవరూ ఎక్కరండీ."

నేను ఎన్ని చెప్పినా వినలేదు. చివరికి పోలమ్మనే స్టాండుకి తీసుకెళ్ళాను. ఆమె పాక ముందు బుట్ట దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏరా సత్తిబాబూ, మీ యమ్మ నిన్ను కని మంచంలో ఉన్నప్పుడు పాలు పడాలని సొరచేప ఎవరు తెచ్చేరురా?"

"నువ్వే అప్పా" అన్నాడతను, తల వంచుకుని.

"అప్పుడు రాని వాసన ఇప్పుడొచ్చిందేట్రా?"

పదకొండు మంది డ్రైవర్లూ ఒక్కసారి గొల్లుమన్నారు. సత్తిబాబు మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. ఆ వారంలోనే తన బండిని వెల్డింగు షాపుకి తీసుకెళ్ళి, వెనకాల బుట్టలు పెట్టుకోవడానికి ఒక ఇనప చట్రం చేయించాడు. కింద నీళ్ళు కారకుండా రేకు పళ్ళెం. తెల్లవారుజామున బుట్టలూ ఆడవాళ్ళూ వెళ్తారు, తర్వాత లాకుల దగ్గర కాలవలో బండి కడిగి, కాలేజీ పిల్లల కోసం వెనక్కి వెళ్తాడు. తర్వాత ఇంకో బండికీ చట్రం వచ్చింది.

ఇక మిగిలింది పిలుపు. వేటలో చేప పడుతుందో లేదో పడవలు వచ్చేదాకా తెలియదు. ముందురోజు ఫోను చెయ్యమంటే ఎవరు చేస్తారు? దానికి సత్తిబాబే ఉపాయం చెప్పాడు.

"పిలిచేదేంటండీ? రోజూ అయిదింటికల్లా నేనే పల్లెపాలెం వెళ్ళి నిలబడతాను. ఉంటే ఎక్కుతారు, లేపోతే తిరిగొచ్చేత్తాను."

ఆ లాప్‌టాపుల పిల్లలు గీసే పటాలన్నిటి కింద ఈ మాట రాసుకోమని చెప్తాను. పిలిస్తే వచ్చే బండ్లు పది ఉండనివ్వండి, పిలవకపోయినా వెళ్ళే బండి ఒక్కటైనా ఉండాలి. పిలవడం చేతకానివాళ్ళు, పిలవడానికి మొహమాటపడేవాళ్ళు, పిలిస్తే వస్తుందని తెలియనివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మన నోటుపుస్తకంలో వాళ్ళ పేర్లు ఎప్పటికీ కనపడవు.

కొత్త వంతెన

నా రిటైర్మెంటు ఇంకో నెల ఉందనగా కొత్త వంతెన పూర్తయింది. బస్సు మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళొచ్చు. ఊరంతా సంతోషించింది, ఆటోస్టాండు తప్ప. సత్తిబాబు డిపోకి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆడోళ్ళకి ఇప్పుడు బస్సులో టిక్కెట్టే లేదాయె. బస్సు ఊళ్ళోకే వచ్చేసేక మా బండెక్కేదెవరండీ? మీ మాట నమ్మి అమలాపురం బేరాలు వదిలేసుకున్నామండీ."

అతను అరవలేదు. అరిచి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పి పంపేదాన్ని. బస్సుని బయటే ఆపెయ్యమని ఊరిని అడగలేను. అది న్యాయం కాదు. ఆటోలని వదిలెయ్యలేను. అదీ న్యాయం కాదు. గోడ మీదున్న రూటు పటం దగ్గరికి వెళ్ళి మొగలిమెరక మీద వేలు పెట్టాను. అప్పుడు నేను అడిగాను.

"సత్తిబాబు గారూ, మొగలిమెరక తర్వాత ఏముంది?"

"ఏముందండీ, సముద్రం."

"దానికి ముందు?"

"ఇసకదిబ్బ ఉందండీ. నాలుగు కిలోమీటర్లు, గట్టు మీద సిమెంటు రోడ్డు. వంద గడపలుంటాయేమో. అక్కడికి బస్సెప్పుడూ లేదండీ. ఎవరైనా పెద్ద రోగమొస్తే మమ్మల్ని పిలుస్తారు, అంతే." అంటూ ఆగిపోయాడు. నా వైపు చూశాడు. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ మర్నాడే ఇద్దరం ఇసకదిబ్బ వెళ్ళాం. ఈసారి బల్ల ముందు కూర్చుని లెక్కలు వెయ్యలేదు. ఇల్లిల్లూ తిరిగి, ఎక్కడికి వెళ్తారు, ఎప్పుడు వెళ్తారు, వెళ్ళాలని ఉండి వెళ్ళలేనిది ఎక్కడికి అని అడిగాం. ఆ మూడో ప్రశ్నకి జనం ముందు నవ్వారు, తర్వాత చాలాసేపు చెప్పారు.

కొత్త వంతెన మీద మొదటి బస్సు సుబ్బరాజు గారే తీసుకెళ్ళారు. ఎవరో బానెట్టుకి బంతిపూల దండ కట్టారు. మొగలిమెరకలో బస్సు ఆగేసరికి గట్టు మీదనుంచి రెండు ఆటోలు ఇసకదిబ్బ జనాన్ని తీసుకొచ్చి పక్కనే ఆగాయి. మొదటి బండిలోంచి సత్తిబాబు చెయ్యి పట్టుకుని ఒక మామ్మగారు దిగారు. ఎనభై ఉంటాయి. ఉతికిన చీర, చేతిలో గుడ్డసంచీ. బస్సు మెట్టు దగ్గర ఆగి నన్ను అడిగారు.

"ఇది ఎక్కడికెళ్తుందమ్మా?"

"అమలాపురమండీ."

"మళ్ళీ తీసుకొస్తుందా?"

"ఆయ్, తీసుకొస్తుందండీ. సాయంత్రం అయిదింటికి ఇక్కడే దింపుతుంది. సత్తిబాబు గారు ఇక్కడే ఉంటారు."

ఆమె అప్పుడు ఎక్కారు. కిటికీ పక్కన కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో ముందు కమ్మీ పట్టుకున్నారు.

నా డ్యూటీ మధ్యాహ్నానికే అయిపోయింది గానీ, సాయంత్రం మళ్ళీ వెళ్ళి మొగలిమెరకలో నిలబడ్డాను. మళ్ళీ తీసుకొస్తుందని మాటిచ్చింది నేను కదా. అయిదు దాటి రెండు నిమిషాలకి బస్సు వచ్చింది. సత్తిబాబు ఆటో అప్పటికే సిద్ధంగా ఉంది. మామ్మగారు దిగారు. జుట్టు చెదిరింది, మొహం వెలిగిపోతోంది. సంచీలోంచి రెండు అరటిపళ్ళు తీసి ఒకటి సుబ్బరాజు గారికి, ఒకటి నాకు ఇచ్చి, ఆటోలో సర్దుకుని కూర్చుని, సత్తిబాబు భుజం తట్టారు.

"అబ్బాయీ, రేపు కూడా వస్తావా?"

"ఆయ్, వస్తానండీ మామ్మగారూ. రేపెక్కడికండీ?"

"ఎక్కడికో తర్వాత చూద్దాంలే. ముందు బండి వస్తుందో రాదో చెప్పు."